పొరకీ పొరకీ మధ్య కాగితం

పాత రేడియోల ట్రాన్స్‌ఫార్మర్లు తిరిగి చుట్టే కొట్టు, మధ్యాహ్నం వేళ. బల్లకు అటువైపు మేస్త్రీ, పక్కన ఆయన భార్య. ఇటువైపు, చేతిలో గోనెసంచితో ఒక ఇంటి కోడలు.

"అది కాదు మేస్త్రీ గారూ, నేనడిగేది ఒక్కటే. మీరు చుట్టింది ఇదేనా, కాదా?"

"సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టమ్మా. నా కళ్లు అంత దూరం చూడవు. ఒకదానికి వచ్చే నెల ఆపరేషను, రెండోది దాని వంతు కోసం చూస్తోంది."

"చేతికి మసి అంటుతుంది."

"అంటనీ. నా చెయ్యి తెల్లగా ఉన్నదెప్పుడు గనక. ఊఁ... ఇనప చట్రం ఒక్కటే ఉందే. చెక్క పెట్టె ఏది?"

"బూడిదైంది. పెట్టె, కిటికీ తెర, మంచం సగం. మిగిలింది ఇదే."

"ఇదేనమ్మా. మేం చుట్టిందే. తీగ చుట్టడం మొదలెట్టేముందు చట్రం అంచున చిన్న గాటు పెడతాను. కాలినా వేలికి తగులుతోంది."

"అయితే ఒప్పుకున్నట్టే."

"చుట్టానని ఒప్పుకున్నాను."

"పిన్నిగారూ, మీరూ వింటున్నారుగా."

"వింటున్నానమ్మా. ముందు నువ్వు కూర్చో. ఎండన పడి వచ్చావు. మంచినీళ్లు తాగుతావా?"

"కూర్చోవడానికి రాలేదండీ. నీళ్లూ వద్దు."

"మీ మామగారు వచ్చినప్పుడల్లా ముందు నీళ్లే అడిగేవారు తల్లీ. ఆయన పోయారని ఎవరో చెబితే నేను నమ్మలేదు. నిప్పు అన్నారు, గ్యాసు అన్నారు, తలో మాటా అన్నారు. అసలు ఎలా జరిగింది?"

"గ్యాసు కాదు. ఈ రేడియోనే. నేను బట్టలు కుడతాను. కుట్టినవి రెండు వీధుల అవతల ఇచ్చి రావాలి, అరగంట పని. మామయ్యగారికి రేడియో పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లాను. తిరిగొచ్చేసరికి వీధి వీధంతా మా ఇంటి ముందే నిలబడి ఉంది."

"ఆయన బయటికి రాలేకపోయారా? నడిచేవారేగా. మా కొట్టుకి నడిచే వచ్చేవారు."

"పొగ."

"పొగొస్తే మరీ..."

"పొగలో ఏం కనబడుతుందండీ? పక్కింటాయన తలుపు విరగ్గొట్టి బయటికి తెచ్చాడు. ఒళ్లు ఎక్కడా కాలలేదు. పొగే మింగేశారు. ఆసుపత్రిలో రెండు రోజులున్నారు, అంతే."

"తలుపు విరగ్గొట్టడమేమిటి? లోపల గడియ పెట్టుకున్నారా?"

"ఇప్పుడు మాట తలుపుది కాదు మేస్త్రీ గారూ. ట్రాన్స్‌ఫార్మరుది. మంట దీని దగ్గరే మొదలైందని తనిఖీకి వచ్చినాయన కాగితం మీద రాశాడు. ఎందుకు మొదలైందో రాయలేదు. అది మీరు చెప్పాలి. నా ఎదురుగా విప్పి చెప్పాలి."

"విప్పితే పోయిన మనిషి వస్తారా అమ్మా?"

"రారు పిన్నిగారూ. నాకు తెలుసు. అయినా విప్పండి."

"ఏవండీ, ఇవాళ వద్దు. మీకు కళ్లు సరిగా ఆనట్లేదు. ఆపరేషను అయ్యాక తీరిగ్గా..."

"నువ్వుండు. చుట్టినవాడే విప్పాలి. ఇందాకటి నుంచీ ఆ పిల్ల కాలు నిలవకుండా అడుగుతుంటే, వచ్చే నెల రమ్మనమంటావా?"

"నేను వచ్చే నెలకి ఆగలేనండీ."

"ఆగక్కర్లేదు. ఆ పొట్టి స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వు."

"ఏది?"

"ఏదంటావేమిటి? ఉన్నదే ఒక్క పొట్టిది. రోజూ నువ్వే అందిస్తావు. ధ్యాస ఎక్కడుంది? మళ్లీ తినలేదా?"

"ఆకలి లేదండీ."

"నిన్నా లేదు, మొన్నా లేదు. చూడమ్మా, నువ్వు విను. ఇది ఎలా విప్పుతారో, ఏం చూస్తారో ముందే చెబుతాను. తర్వాత నేనేదో మాయ చేశాననుకోకూడదు. ఈ ఇనప రేకులు తీసేస్తే లోపల చుట్ట ఉంటుంది. సన్న తీగ, వేల చుట్లు, పొర మీద పొర. పొరకీ పొరకీ మధ్య పల్చటి కాగితం వేస్తాం. తీగ చుట్టేది నేను. కాగితం కోసి, కొలిచి, వేసేది ఈవిడ. ముప్ఫై ఏళ్లుగా అంతే."

"ఆ కాగితం వెయ్యడం మర్చిపోతే?"

"మర్చిపోతే ఈ పొర ఆ పొరకి అంటుకుని, అక్కడ వేడెక్కి మాడుతుంది. అక్కడ మటుకే. బొట్టు పెట్టినట్టు నల్లమచ్చ పడుతుంది. దూరంగా ఉన్న తీగ మాత్రం ఎర్రగా, కొత్తదానిలా ఉంటుంది."

"ఆ మచ్చుంటే తప్పు మీదన్నమాట."

"మాదే."

"మచ్చ లేకపోతే?"

"లేకపోతే జబ్బు బయట ఉన్నట్టు. రేడియోలో ఇంకేదో పాడై కరెంటు ఎక్కువ లాగేసిందన్నమాట. అప్పుడు చుట్ట మొత్తం ఒకే రంగులో మాడుతుంది, పెనం మీద రొట్టె మర్చిపోయినట్టు."

"మచ్చే ఉంటుంది."

"నీకెలా తెలుసమ్మా?"

"ఉండాలి మేస్త్రీ గారూ. ఉండి తీరాలి. లేకపోతే నేను... ఒక్క నిమిషం. ఫోను. మా ఆయన."

"మాట్లాడు తల్లీ, మాట్లాడు."

"రెండు నెలల్లో ఆయన తనంతట తాను చెయ్యడం ఇది మూడోసారి. బయట మాట్లాడి వస్తాను. నేను లేకుండా విప్పేసి కూర్చోకండి."

"రేకులు తీస్తూ ఉంటాను. నువ్వు రా."

"ఏవండీ."

"ఊఁ."

"ఆమె వచ్చేదాకా ఆగండి."

"ఆగను. ఆ పిల్ల అటు తిరిగింది గనక అడుగుతున్నా, నిజం చెప్పు. ఆ రోజు కాగితం ఎక్కడైనా వదిలేశావా?"

"లేదు."

"మర్చిపోవడం తప్పు కాదు. ఎవరికైనా..."

"ఒక్క పొర వదల్లేదండీ. లెక్కపెట్టి మరీ వేశాను."

"మరైతే ఈ వాలకమేమిటి? ఆయన పోయాడన్న కబురు తెలిసిన రోజు నుంచీ చూస్తున్నాను. నిద్ర లేదు, తిండి లేదు, పిలిస్తే ఉలిక్కిపడతావు. కాగితం వేశాననే ధైర్యం ఉన్న మనిషి అలా ఉంటుందా? నాకేం అర్థం కావట్లేదు. రా, ఇటు వెలుతురులోకి రా. పై పొర ఊడదీస్తున్నా. రంగు చెప్పు."

"ముదురు గోధుమ, నలుపుకి దగ్గర."

"మచ్చ?"

"లేదు."

"కింది పొర?"

"అదే రంగు."

"దాని కింద?"

"అంతా ఒకటే రంగండీ. కాగితాలన్నీ ఉన్నాయి. బొగ్గయ్యాయి గానీ, ఉన్నాయి."

"చూశావా? నేననుకున్నాను. నీ చేతి పని నాకు తెలియదూ? ఇక పోయి నాలుగు ముద్దలు తిను. ఏడుస్తావేమిటి? ఇప్పుడు గదా ఊపిరి తీసుకోవాల్సింది."

"ఏడవట్లేదు. కంట్లో మసి పడింది."

"అయితే రేడియో కండెన్సరు పోయి ఉంటుంది. పాతది కదా. నేను మార్చుకోమన్నాను, తర్వాత చూద్దాంలే అన్నాడా పెద్దాయన. సరే, పోయింది. పోతే ఫ్యూజేం చేస్తున్నట్టు? కరెంటు ఎక్కువైన మరుక్షణం ఫ్యూజు పోవాలి, రేడియో ఆగిపోవాలి. ఇల్లు అంటుకునేదాకా అదెందుకు ఊరుకుంది? ఇదిగో, ఈ పక్కన ఫ్యూజు ఉంటుంది, చూడు."

"మసి పట్టేసింది."

"తుడువు."

"తుడిచానండీ. కనబడట్లేదు."

"నీ కళ్లకేమొచ్చింది, నావి గదా పోయింది. ఇలా ఇవ్వు. ఏదీ... ఇదేమిటి?"

"ఏవండీ, వదిలెయ్యండి."

"ఫ్యూజు కాదే ఇది. అంటే, గాజు గొట్టం ఉంది, దాని మీంచి తీగ వేశారు. ఎంత లావు తీగ. ఇల్లు కాలినా ఇది కాలదు, కాలలేదు కూడా. ఎవడు చేశాడీ పని?"

"నెమ్మదిగా మాట్లాడండి. వాకిట్లోనే ఉంది."

"ఉండనీ. ఇప్పుడు అర్థమైంది. వాళ్లింట్లో ఈ ఫ్యూజు పోయింది. కొత్తది తేవడానికి బద్ధకం. చేతికి దొరికిన తీగ చుట్టేశారు. ఎవరు చేస్తారు? కొడుకు పగలంతా పనిలో ఉంటాడు. ముసలాయనకి మతిమరుపు, నిన్నటి మాట ఇవాళ గుర్తుండదు. ఇక మిగిలింది ఎవరు?"

"అనకండి."

"అననా? తను చేసింది చేసి, మన నెత్తిన రుద్దడానికి వచ్చిందా? అందుకే మచ్చ ఉండాలి, ఉండి తీరాలి అంటోంది."

"ఆ పిల్లకేం తెలియదు."

"నీకెలా తెలుసు?"

"తెలుసు. ఆమెతో ఈ తీగ మాట ఎత్తకండి. మీకు దణ్ణం పెడతాను."

"ఎందుకని?"

"వస్తోంది. ఊరుకోండి."

"ఏమన్నారమ్మా మీ ఆయన?"

"ఏమీ లేదు పిన్నిగారూ. ఎప్పుడూ అనేదే."

"కూర్చో. ఈసారైనా కూర్చో."

"కూర్చుంటాను. ఆయన ఎప్పుడు ఫోను చేసినా ఒకటే అడుగుతారు. తిన్నావా అని కాదు. ఎలా ఉన్నావని కాదు. గొళ్లెం ఎందుకు పెట్టావు, అని."

"గొళ్లెమా?"

"బయట గొళ్లెం పెట్టి, తాళం వేసి వెళ్లానండీ ఆ రోజు. ఇందాక మీరు తలుపు గురించి అడిగితే దాటేశాను. పక్కింటాయన విరగ్గొట్టింది నేను పెట్టిన గొళ్లేన్నే."

"ఎందుకు పెట్టావు తల్లీ?"

"మామయ్యగారు బస్సు డ్రైవరుగా చేశారు. మతిమరుపొచ్చాక రోజూ తెల్లారగానే ఖాకీ చొక్కా వెతుక్కునేవారు. రెండుసార్లు ఇంట్లోంచి వెళ్లిపోయారు. ఒకసారి బస్టాండులో దొరికారు, ఆగి ఉన్న బస్సులో డ్రైవరు సీట్లో కూర్చుని. రెండోసారి రోడ్డు మధ్యలో. అప్పటినుంచి నేను బయటికెళ్తే గొళ్లెం. పెట్టమన్నది మా ఆయనే. ఆ సంగతి ఇప్పుడు ఆయనకి గుర్తు లేదు."

"అయ్యో."

"అది కాదు పిన్నిగారూ, అసలు సంగతి వేరే. మీరు ఈ రేడియో బాగుచేసి ఇచ్చాక ఆయన ఒక్కసారి కూడా లేచి వెళ్లలేదు. పాట వస్తుంటే కుర్చీ వదిలేవారు కాదు. కాలితో తాళం వేసేవారు. మూడు వారాలు ఎంత హాయిగా ఉన్నామో మా ఇంట్లో. గొళ్లెం అక్కర్లేదని నాకు తెలుసు. తెలిసి కూడా, వెళ్తూ వెళ్తూ చెయ్యి దానంతటది వేసేసింది."

"నువ్వు కావాలని చేశావా ఏమిటి."

"ఆ మాట మీరంటున్నారు. మా ఆడబిడ్డలిద్దరూ కోడలే చంపిందంటున్నారు. మా ఆయన అక్కగారింట్లో ఉంటున్నారు. రెండు నెలలుగా నేను ఒక్కదాన్నే, ఆ మసిగోడల మధ్య కుట్టుమిషను పెట్టుకుని. అందుకే వచ్చానండీ. గొళ్లెం నేను పెట్టాను, కాదనను. కానీ నిప్పు నేను పెట్టలేదు కదా. ఆ ఒక్క మాట ఎవరైనా అంటే చాలు. నిప్పు మీ వల్ల వచ్చిందో ఇంకెవరి వల్ల వచ్చిందో, నా వల్ల మటుకు కాదని."

"అమ్మా, అది ఎవరివల్ల వచ్చిందో ఇప్పుడే తెలిసింది."

"ఏవండీ."

"నువ్వాగు. అమ్మాయ్, అడిగినదానికి సూటిగా చెప్పు. రేడియో మీ ఇంటికొచ్చాక మధ్యలో ఎప్పుడైనా ఆగిపోయిందా?"

"లేదండీ."

"ఒక్కసారి కూడా? వెనక మూత విప్పి ఎవరైనా లోపల చెయ్యి పెట్టారా?"

"ఎవరం ముట్టుకోలేదు. దాని మూత ఎలా ఊడుతుందో కూడా నాకు తెలియదు."

"తెలియదంటే కుదరదు. నువ్వు బాధలో ఉన్నావు, నాకు తెలుస్తోంది. కానీ నిజం నిజమే కదా. ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడు. ఎవరో ఒకరు దీన్ని..."

"కాగితం."

"ఏమిటి పిన్నిగారూ?"

"కాగితం నేను వెయ్యలేదమ్మా. నాలుగో పొర దగ్గర. మర్చిపోయాను."

"ఏమంటున్నావు నువ్వు? ఇందాకే కదా..."

"మీరు చూడలేదు, మీకు కనబడదు. నేను చూశాను. మచ్చ ఉందమ్మా. నువ్వన్నట్టే ఉంది."

"ఎక్కడ? నాకు చూపించండి."

"ఇక్కడ. ఇదిగో."

"అంతా నల్లగానే ఉంది."

"అలవాటు లేని కళ్లకి అలాగే ఉంటుంది. మంట నీ వల్ల కాదు. మీ ఇంట్లో ఎవరివల్లా కాదు. నా వల్ల. ఇక చాలా?"

"మీ వల్లా పిన్నిగారూ?"

"తిట్టు తల్లీ. తిట్టడానికే కదా వచ్చావు. మనసులో పెట్టుకోకు."

"దారంతా తిట్లు కూడబెట్టుకుంటూనే వచ్చాను పిన్నిగారూ. ఇప్పుడు ఒక్కటీ నోటికి రావట్లేదు. మీరు కాదంటారనుకున్నాను. దెబ్బలాడాల్సి వస్తుందనుకున్నాను. ఇలా చెప్పేస్తారని... మా ఆడబిడ్డల ముందు కూడా చెబుతారా?"

"చెబుతాను."

"మా ఆయన ముందు?"

"ఆయన ముందూ చెబుతాను. ఎప్పుడు రమ్మంటావు?"

"సాయంత్రం వస్తారా? అందర్నీ పిలుస్తాను. కాదు, నేను పిలిస్తే రారు, పెద్దాడబిడ్డ ఇంటికే వెళ్దాం. మీరు నా పక్కన నిలబడితే చాలు."

"వస్తాను."

"గొళ్లెం తప్పు మాత్రం ఎవరూ తీసెయ్యలేరు. అది నాదే."

"నిప్పంటుకోకపోతే అది వట్టి గొళ్లెమే తల్లీ. అరగంటలో వచ్చి తీసేదానివి. అందరిళ్లలో ఉండే గొళ్లెం."

"ఈ చట్రం ఇక్కడే ఉంచండి. మళ్లీ మొయ్యలేను. వస్తాను మేస్త్రీ గారూ. ఇందాక గట్టిగా మాట్లాడాను, ఏమనుకోకండి."

"ఊఁ."

"వస్తానండీ."

"జాగ్రత్తగా వెళ్లు. ఎండలో పడి పరుగెత్తకు."

"వెళ్లిందా?"

"మలుపు తిరిగింది."

"ఇప్పుడు చెప్పు. ఏమిటిదంతా?"

"మీరు కూర్చోండి."

"కూర్చోను. ముప్ఫై ఏళ్లు. ముప్ఫై ఏళ్లలో మన చుట్ట మాడిందని ఒక్కడు తిరిగి రాలేదు. జాలి ఉండాలి, కాదన్ను. కానీ చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని, పదిమంది ముందు నిలబడతానంటావా? అదీ ఒక మనిషి చావు? ఊళ్లో మనల్ని ఏమనుకుంటారు?"

"ఏమైనా అనుకోనీండి."

"నేను అనుకోనివ్వను. తనే ఆ తీగ పెట్టి, మూత విప్పడం తెలియదని ఎంత అమాయకంగా చెప్పింది. నువ్వు నమ్మావు."

"ఆమె నిజమే చెప్పింది."

"పోనీ తను కాదు. మొగుడు పెట్టి ఉంటాడు. ఎవరైతేనేం, ఆ ఇంట్లో వాళ్లేగా. నా చెప్పులేవి? ఇంకా దూరం వెళ్లి ఉండదు."

"ఆగండి."

"చెయ్యి వదులు."

"వెళ్దురుగాని. ఆ ఫ్యూజు ఇంకా మీ చేతిలోనే ఉందిగా?"

"ఉంది. ఆ పిల్ల మొహాన పెట్టి చూపిస్తాను."

"ఇందాక మీరు మధ్యలో తడిమి చూశారు. చివర తడమండి."

"చివర ఏముంది?"

"తడమండి."

"చివర... మూడు చుట్లు. గట్టిగా బిగించి... కొసని లోపలికి మడిచి..."

"వేలికి గుచ్చుకోకుండా."

"ఇలా మడిచేది..."

"మీరు కళ్ల డాక్టరు దగ్గరికెళ్లిన రోజండీ. మీరు చుట్టి, బిగించి, అంతా సిద్ధం చేసి వెళ్లారు. ఆ అమ్మాయి మామగారొచ్చారు. ఒకసారి పెట్టి వినిపించమ్మా అన్నారు. పెట్టాను, ఫ్యూజు పోయింది. ఇంకోటి పెట్టాను, అదీ పోయింది. డబ్బాలో మూడోది లేదు. రేపు రమ్మన్నాను. రేపటికి తను ఎక్కడికి రావాలో గుర్తుండదని ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు. వరసగా రెండు ఫ్యూజులు పోయాయంటే లోపల ఏదో తప్పుందని నాకు తెలుసు. మీ పక్కన ముప్ఫై ఏళ్లు కూర్చున్నదాన్ని, తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసే, మన బల్ల మీద తీగే తీసి, నేనే చుట్టి ఇచ్చాను."